మాటలు ఎవరివని అడిగాను

పాట ఎవరిదో తేల్చమని ఒకసారి నాకు పని అప్పగించారు. తేల్చాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేను అంత చకచకా ముగించిన పని ఇంకొకటి లేదు. అంతగా పాడుచేసిన పనీ లేదు.

విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో లేబర్ వెల్ఫేర్ ఆఫీసరుగా చేశాను. ఆ మిల్లు ఇప్పుడు లేదు. మీలో ఎవరైనా కొత్తగా ఈ ఉద్యోగంలో చేరి ఉంటే ఇందులో ఉన్న తమాషా మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. వెల్ఫేర్ ఆఫీసరంటే కార్మికుల మంచిచెడ్డలు చూడమని చట్టం పెట్టిన మనిషి, జీతమిచ్చేది మాత్రం యాజమాన్యం. మేనేజరు గదిలోకి వెళ్తే కార్మికుల గురించి నాతో ‘మీవాళ్ళు’ అనేవారు. షెడ్డులోకి వెళ్తే యాజమాన్యం గురించి ‘మీవోలు’ అనేవారు. అసలు నావాళ్ళు ఎవరో తెలుసుకునేలోపే రిటైరైపోయాను.

ఆడవాళ్ళు పనిచేసే చోట వాళ్ళ పసిపిల్లల కోసం ఒక గది ఉండాలని చట్టం. మాకూ ఉండేది. గోడల మీద చిలకలు, ఏనుగులు వేయించాం, రెండు ఉయ్యాలలు కట్టించాం. పిల్లలు మాత్రం రాలేదు. ఆ నార దుమ్ములోకి ఏ తల్లీ పసిబిడ్డని తీసుకురాదు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా తాళం తీసి తుడిపించి, మళ్ళీ వేసేసేవాళ్ళం.

ఆ పెద్ద తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం భోజనాల వేళ క్యాంటీన్ ఆయన నా గదిలోకి వచ్చాడు.

“సార్, పిల్లల గదిలో మగ్గం ఆడతన్నాది” అన్నాడు.

వెళ్ళి చూస్తే నిజంగానే లోపల్నుంచి మగ్గం చప్పుడు. తలుపు తోశాను. చిలకల గోడకి చేరగిలబడి ఇద్దరు కూర్చున్నారు, మధ్యలో బోర్లించిన ప్లాస్టిక్ బకెట్, దాని మీద ఫోను. చప్పుడు ఆ ఫోన్లోంచి వస్తోంది.

ఇద్దరికీ పాతికేళ్ళు దాటి ఉంటాయి. ఒకతను మగ్గం నడిపే నేతగాడు. శ్రీకాకుళం వైపు బాప్టిస్టు కుటుంబం. చిన్నప్పట్నుంచీ ఆదివారం పూట చర్చిలో మైకు ముందు నిలబడి వాక్యం చదివినవాడు, గొంతు పెద్దది. రెండో అతను మిషన్లు బాగుచేసే మిస్త్రీ. వరి, రాగులు పండించుకునే రైతు కుటుంబం వాళ్ళది. షెడ్డు గుమ్మంలో నిలబడి, చప్పుడు విని ఏ మిషన్లో ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. మాట తక్కువ. కులం వేరు, మతం వేరు, ఊరు వేరు అయినా ఒకరినొకరు ‘బావా’ అనుకునేవారు.

“ఎనిమిది గంటలు విన్నది చాలలేదా, ఇక్కడ కూడా పెట్టారు?” అన్నాను.

మిస్త్రీ తల దించుకున్నాడు. నేతగాడు మాత్రం లేచి నిలబడ్డాడు. “ఇది హిప్‌హాప్ సార్. మిషన్ సప్పుడు ఆడు ఫోన్లో పట్టి ముక్కలు సేసి కలిపినాడు. దాని మీద నాను సెప్తాను. పాట కాదు, మాటే. తాళంలో పడాల, అంతే.”

“సినిమా పాటా?”

“మన పాట సార్. మన మాటల్లోది.”

ఒకసారి వినిపించమన్నాను. తప్పు పట్టుకోవడానికి వెళ్ళినవాణ్ణి, సైరన్ మోగేదాకా ఆ చిన్నపిల్లల బల్ల మీదే కూర్చున్నాను. మర్నాడు గది తాళంచెవి వాళ్ళకే ఇచ్చేశాను. క్యాంటీన్ ఆయనతో, గది ఇన్నాళ్ళకి వాడకంలోకి వచ్చిందని కూడా అన్నాను.

ఆ తరవాత భోజనం ముగించుకుని నేనూ అప్పుడప్పుడు వెళ్ళి కూర్చునేవాణ్ణి. పాట అలా తయారవుతుందని నాకు అంతవరకు తెలియదు. ఒకరు రాస్తారు, ఒకరు బాణీ కడతారు, ఎవరి పని వారిదే అనుకునేవాణ్ణి. వీళ్ళ పద్ధతి వేరు. నేతగాడు ఒక ముక్క అంటాడు: “మిల్లు సైరన్ కూసీసింది పొద్దున్నే.” మిస్త్రీ వేలు ఎత్తుతాడు. “అంత జాగా నేదురా. మిల్లు ఒగ్గీ.” నేతగాడు ‘మిల్లు’ వదిలేస్తాడు. “అయితే నువ్వూ ఒక దెబ్బ తీసీ బావా, నాకు ఊపిరాడ్డం నేదు.” మిస్త్రీ ఒక దెబ్బ తీసేస్తాడు. అక్కడ పడిన ఖాళీలోకి వేరే మాట వచ్చి కూర్చుంటుంది. దాన్ని చూసి మిస్త్రీ మళ్ళీ దరువు మారుస్తాడు. గంటలో వాక్యం ఇలా తయారైంది:

“సైరన్ కూసీసింది లెగరా బావా, సైకిల్ సైను తెగిపోనాది మావా!”

ఆ చివరి మాటలు ఎవరు కలిపారని అడిగాను. ఇద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు. ఆటపట్టిస్తున్నారనుకున్నాను. కాదు, వాళ్ళకి నిజంగానే గుర్తులేదు.

వేరే దేశాల పాటలు కూడా ఫోన్లో వినేవారు. “ఆ భాష మీకు అర్థమవుతుందా?” అంటే మిస్త్రీయే జవాబిచ్చాడు. “అవ్వదు సార్. ఎక్కడ ఆగినాడో తెలుస్తాది.” ఆ రోజంతా అతను మాట్లాడింది అదే.

ఆ ఏడు, మిషన్లకి చేసే విశ్వకర్మ పూజకి వాళ్ళ చేత పాడించింది నేనే. ఎప్పుడూ ఆర్కెస్ట్రా పిలిచేవాళ్ళం. ఈసారి మన కుర్రాళ్ళే ఉన్నారని మేనేజరుకి చెప్పి ఒప్పించాను. సైరన్ పాట మొదలయ్యేసరికి స్పిన్నింగ్ సెక్షన్ ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. గేటు దగ్గర ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఆపే వాచ్‌మన్ మీద ఒక ముక్క ఉంది. అతనైతే లేచి గంతులే వేశాడు. తెలుగు సరిగ్గా రాని మా మేనేజరు కూడా కాలు ఆడించాడు. “వెల్ఫేర్ అంటే ఇదీ” అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నేనే పాడినంత గర్వం నాకు.

ఆ చలికాలంలోనే ప్రమాదం జరిగింది.

కార్డింగ్ మిషనని ఒకటుంటుంది. పళ్ళున్న రోలర్ల మధ్య నుంచి నారని లాగి దువ్వుతుంది. నార లోపలికి వెళ్ళే చోట చేతులు పడకుండా ఒక రేకు మూత బిగిస్తారు. ఆ రోజు ఆ మిషను మీద మూత లేదు. నార అందిస్తున్న ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. భర్త లేని మనిషి, మిస్త్రీ ఊరే. అతను ఆమెని సొంత అక్కని పిలిచినట్టే ‘అప్పా’ అని పిలిచేవాడు. మిషను ఆపి, ఆమెని ఎత్తుకుని అంబులెన్సు దాకా పరిగెత్తింది అతనే.

ప్రమాద నివేదిక రాయడం నా పని. ‘కారణం’ అన్న గడి చిన్నది. సూపర్‌వైజరు చెప్పినట్టే రాశాను, ‘కార్మికురాలి అజాగ్రత్త’ అని. రేకు ఎందుకు లేదని అడిగితే, శుభ్రం చెయ్యడానికి తీశారనీ ఎవరు తీశారో తెలియదనీ అన్నాడు. అంత సంగతి ఈ గడిలో పట్టదులే అని నాకు నేను సర్దిచెప్పుకుని సంతకం పెట్టేశాను. ఆమెకి చట్టప్రకారం రావలసింది ఎలాగూ వస్తుంది, మాటదేముంది అనుకున్నాను. ఆమె మాత్రం ఆసుపత్రి మంచం మీంచి ఒకటే అడిగింది. “బాబూ, నా తప్పని రాసినారంట కదా. నానేటి సేసాను?” నీళ్ళు కావాలా అమ్మా అని అడిగి బయటికి వచ్చేశాను.

రెండు వారాలకి ఇంకొక పాట వచ్చింది. అందులో సైకిల్ లేదు, నవ్వు లేదు. వెనకాల కార్డింగ్ మిషను చప్పుడు, అది ఆగిపోయాక కాసేపు ఏమీ ఉండదు. తరవాత నేతగాడి గొంతు, చర్చిలో వాక్యం చదివినంత నెమ్మదిగా:

“రేకు తీసినోడి పేరు రాయనే నేదు, సెయ్యి పోనామె పేరే రాసీసినారు.”

మేం దాన్ని ఆపమని బోర్డు మీద నోటీసు అంటించేలోపు అది అందరి ఫోన్లలోకి వెళ్ళిపోయింది. ఆటోల్లో విన్నాను, టీ కొట్టు దగ్గర విన్నాను. మిల్లుతో ఏ సంబంధమూ లేని కాలేజీ పిల్లలు బస్సులో పాడుతుంటే కూడా విన్నాను. ఎవరో దాన్ని ఇంటర్నెట్లో ఎక్కించారు. ఎక్కడెక్కడి వాళ్ళో ఈ యాస ఎక్కడిదని అడుగుతున్నారట.

మేనేజరు పిలిచి, ఫోన్లో పాట పెట్టి, మాటలు ఇంగ్లీషులోకి చెప్పమన్నాడు. చెప్పాను.

“రాసేశారు అంటున్నారు కదా, ఎవరు రాశారని?”

“నేనే సార్” అన్నాను.

ఆయన నవ్వలేదు. ఇద్దరికీ చార్జిషీటు ఇమ్మన్నాడు. అయితే ఇద్దర్నీ తీసేస్తే యూనియన్ ఊరుకోదు, పైగా మిస్త్రీ లేకపోతే సగం మిషన్లు మూలపడతాయి. కాబట్టి పాట ఒక్కడిదేనని తేలాలి. ఎలా తేల్చాలో నువ్వు చూడు అన్నాడు.

ఇద్దర్నీ నా గదికి పిలిపించాను.

“పాట ఎవరిదయ్యా?”

“ఇద్దరిదీ సార్” అన్నాడు నేతగాడు.

“సరే. మాటలు ఎవరివి?”

“ఇద్దరివీ.”

“దరువు?”

“అదీ ఇద్దరిదే.”

“అదెలా కుదురుతుంది? కాగితం మీద రాసినప్పుడు ఎవరో ఒకరి చెయ్యే కదా రాస్తుంది?”

“కాయితం నేదు సార్” అన్నాడు మిస్త్రీ. “మేమెప్పుడూ రాసుకోనేదు.”

నాకు విసుగొచ్చింది. కుర్రతనంతో ఇద్దరూ ఉద్యోగాలు పోగొట్టుకుంటారని భయం కూడా వేసింది. ఆ భయం నిజమైనదే. నా మీద నాకు ఉన్న కాస్త గౌరవమూ దాని మీదే నిలబడి ఉంది గనక ఇది చెప్తున్నాను. కనీసం ఒక్కణ్ణైనా కాపాడాలనుకున్నాను. ఏ ఒక్కణ్ణన్నది మేనేజరు ముందే చెప్పేశాడు.

మర్నాడు మిస్త్రీని ఒక్కణ్ణే పిలిచాను. ఒక కాగితం టైపు చేయించి ఉంచాను. ‘నేను చప్పుడు మాత్రమే కూర్చాను. మాటలతో నాకు సంబంధం లేదు. మాటలు మొత్తం ఫలానా వారివి.’ ఇదీ సారాంశం.

అతను చదివి బల్ల మీద పెట్టేశాడు.

“అబద్ధం సార్ ఇది.”

“మీ అప్పకి ఎవరున్నారు?” అన్నాను. “నువ్వూ బయటికి పోతే ఈ మిల్లులో ఆమె సంగతి ఎవరడుగుతారు? అతనికి చర్చి వాళ్ళున్నారు, చదువుంది, ఎక్కడైనా బతుకుతాడు. ఆమె గతేమిటి?”

కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తరవాత అడిగాడు. “ఆడికి తెలుసా సార్?”

“నేను చెప్తాను” అన్నాను.

సంతకం పెట్టాడు.

నేను చెప్పలేదు. ఆ సాయంత్రం నేతగాడి ఇంటికి వెళ్దామనే బయల్దేరాను. చెప్తే ఒప్పుకోడేమో, గోల చేస్తాడేమో, ఇద్దరూ మళ్ళీ ఒకటే మాట మీద నిలబడతారేమో అనిపించింది. ఇంటికి వెళ్ళిపోయాను. ఎవరూ నన్ను ఆపలేదు, ఎవరూ బెదిరించలేదు. నా అంతట నేనే వెళ్ళలేదు.

విచారణ మర్నాడు ఉదయం. పట్నం నుంచి ఒక వకీలు విచారణాధికారిగా వచ్చాడు. మీటింగు గదిలో పొడుగు బల్లకి ఒక పక్క ఆయనా, నేనూ, ఎదురుగా వాళ్ళిద్దరూ పక్కపక్కనే. నేతగాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వకీలు గొంతు సవరించుకుని ఆ కాగితం చదివాడు.

నేతగాడు తల తిప్పి మిస్త్రీ వైపు చూశాడు. అందులో కోపం లేదు. దారిలో తనని దాటిపోతున్న మనిషి తెలిసినవాడో కాదో పోల్చుకుంటున్నట్టు చూశాడు. ఇతనికి అన్నీ తెలుసనుకుంటున్న మిస్త్రీకి ఆ చూపు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. నా వైపు తిరిగాడు. నేను ఫైలు తిప్పుతున్నాను.

“మాటలు మీవేనా?” అన్నాడు వకీలు.

“అవును సార్. నావే.”

“అన్నీనా?”

“అన్నీ.”

“సార్...” అంటూ మిస్త్రీ లేచాడు. నేను బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను. మెత్తగానే నొక్కాను. స్నేహితుడి కోసం ఆవేశపడుతున్నాడు, ఇప్పుడు నోరు జారితే ఇద్దరూ పోతారు అనుకున్నాను. అతను కూర్చుండిపోయాడు. అరగంటలో విచారణ అయిపోయింది.

నేతగాణ్ణి తీసేశారు. కార్డింగ్ మిషన్లన్నిటికీ రేకులు మాత్రం ఆ వారమే బిగించారు, అంత పని ఆ పాట చేసింది. పిల్లల గది తాళంచెవి మిస్త్రీ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. మరుసటి విశ్వకర్మ పూజకి మళ్ళీ ఆర్కెస్ట్రా వచ్చింది. సగం కాపాడానని ఇంట్లో చెప్పుకున్నాను.

మరో మూడేళ్ళకి నేను రిటైరయ్యాను. నా వెనకే మిల్లూ మూతపడింది. మిస్త్రీ ఒడిశా వైపు ఏదో ఫ్యాక్టరీకి వెళ్ళాడని విన్నాను.

ఆ మరుసటి ఏడు శ్రీముఖలింగం వెళ్ళి తిరిగి వస్తూ నరసన్నపేట దగ్గర హైవే మీద బస్సు కోసం నిలబడితే ఒక వ్యాను వచ్చి ఆగింది. వెనక చేపల పెట్టెలు, ఐసు నీళ్ళు కారుతున్నాయి.

“మిల్లు సారు కదా? రండి సార్, ఎక్కండి. శ్రీకాకుళం కాడ దింపీస్తాను.”

నేతగాడు. కాస్త ఒళ్ళు చేశాడు. భావనపాడు నుంచి చేపలు తోలుతున్నానని చెప్పాడు. ఇద్దరు పిల్లలట. నేను ఎక్కాను.

“ఆ కాగితం నా ఆలోచనే” అన్నాను నాలుగు కిలోమీటర్లు పోయాక. “నీకు చెప్తానని అతనికి మాటిచ్చి, చెప్పలేదు. అతని తప్పేం లేదు.”

“తెలుసు సార్. ఇసారణ అయిన సాయంత్రమే ఆడు మా ఇంటికొచ్చి సెప్పీసినాడు. గుమ్మంలో కూకుని ఏడిసినాడు.” గేరు మార్చాడు. “మీకు తెలీనిది ఇంకోటున్నాది. ఆ రేకు తీసింది ఆడే.”

నేను అతని వైపు తిరిగాను.

“సూపర్‌వైజరు తియ్యమన్నాడు, తీసాడు. మళ్ళీ బిగిద్దామని ఆడంటే, పని ఆగిపోతాది, రేపు సూద్దాంలే అన్నాడంట. ఆ రేపే ఆమెకి అయిపోనాది. ‘రేకు తీసినోడి పేరు రాయనే నేదు’ అన్న ముక్క ఆడిదే సార్. ఆడి గురించే అన్నాడు. తన పేరు రాయాలనే ఆ పాట మొదలెట్టినాడు. ఇసారణలో లెగిసినాడు సూడండి, అది సెప్పీడానికే.”

నా కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నివేదికలో ఒకసారి అతని పేరు లేకుండా చేశాను. కాపాడుతున్నాననుకుని రెండోసారీ చేశాను. చెప్పుకుందామని లేచిన మనిషిని నొక్కి కూర్చోబెట్టాను.

“మరి మీరిద్దరూ మళ్ళీ...”

“కూసున్నాం సార్. కోపాలేటీ నేవు. ఆదివారం సర్సి అయినాక ఆడు ఫోనట్టుకుని వచ్చీవోడు. ఆడు కొట్టీవోడు, నాను నోరు తెరిసీవోణ్ణి. తెరిసీసరికి, ఈ ముక్క నాదా, ఆడిదా అని వచ్చీసీది మనసులోకి. ఆడికీ అంతే. ఇది నీదే కదా, నువ్వే సెప్పు, అనీవోడు. అంతకుముందు ఎప్పుడూ రానేదు సార్ ఆ ఆలోసన. నాలుగు ఆదివారాలు సూసాం. ఆగిపోనాం.”

“ఇప్పుడు మాట్లాడుకుంటారా?”

“పండగలకి ఫోన్ సేస్తాడు. పిల్లల సదువులూ, ఆడి పొలం, అప్ప సంగతీ. ఆమెని ఆడే సూసుకుంతన్నాడు సార్. పాటల ఊసు ఎత్తం.”

కాసేపటికి అతను ఫోన్ నొక్కి వ్యాను స్పీకర్లో ఒక పాట పెట్టాడు. ఇద్దరి గొంతులు, మా యాసే. వెనకాల ఏదో యంత్రం చప్పుడు, నూర్పిడి మిషనేమో. ఒకరి మాట పూర్తికాకముందే రెండోవాడు అందుకుంటున్నాడు. మధ్యలో చప్పుడు ఆగిపోయి, ఖాళీలో ఒక్క మాట పడి, మళ్ళీ మొదలవుతోంది.

“విజీనారం కాలేజీ కుర్రోలంట. మేమెవులమో ఆలికి తెలీదు. మా పాట యిన్నారంట గానీ, ఎవులు పాడినారో తెలీదంట” అన్నాడు. “బాగున్నాది కదా సార్?”

“బాగుంది” అన్నాను.

శ్రీకాకుళం మలుపు దగ్గర వ్యాను పక్కకి ఆపి, నేను దిగడానికి తలుపు లోపల్నుంచి తెరిచాడు. పాట ఇంకా నడుస్తోంది.

“ఆ కుర్రోలినెవులూ ఏటీ అడక్కుండా ఉంటే సాలు సార్” అన్నాడు.

నేను దిగి తలుపు వేశాను.